చూసింది ఇద్దరు, చెప్పేది పదిమంది

హత్య కేసులు కోర్టులో ఎందుకు వీగిపోతున్నాయి?

ఆదోని: పట్టపగలు ఊరి నడుమ హత్య జరుగుతుంది. చూసినవాళ్లుంటారు. శవానికి పోస్టుమార్టం అవుతుంది. పోలీసులు ముద్దాయిలను అరెస్టు చేసి చార్జిషీటు వేస్తారు. ఏళ్ల తరబడి వాయిదాలు నడుస్తాయి. చివరికి ఒకరోజు ముద్దాయిలందరినీ విడుదల చేస్తున్నట్లు జడ్జి తీర్పు చెబుతారు. ఆ సాయంత్రం ఒక వీధిలో టపాకాయలు, ఇంకో వీధిలో ఏడుపులు. రచ్చకట్ట మీద మాత్రం రెండే మాటలు: "డబ్బు పనిచేసింది", "ఆ ప్లీడరు గట్టోడు".

తీర్పు నకలు తెప్పించుకుని చదివేవాళ్లు ఊళ్లలో అరుదు. చదివితే తరచు కనిపించే కారణం వేరు. హత్య జరగలేదని కోర్టు అనదు. ఈ ముద్దాయిలే చేశారని చెప్పిన సాక్షుల మాట నమ్మేటట్లు లేదంటుంది. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. సందేహం మిగిలితే దాని లాభం ముద్దాయికి పోతుంది. దీన్నే సంశయలాభం అంటారు.

ఆ సందేహం ఎక్కడ పుడుతుంది? కోర్టు హాలులో పుడుతుందని మనం అనుకుంటాం. చాలా కేసుల్లో అది ఊళ్లోనే, శవం లేవకముందే పుడుతుంది. జరిగిన దానికి జరగనిది కలపడంతో పుడుతుంది.

మొదటి రిపోర్టు

ఎఫ్.ఐ.ఆర్. అనే మొదటి రిపోర్టు కేసుకు పునాది. దాని ప్రతి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలని చట్టం చెప్పడంలో అర్థం ఒకటే: ఆ తర్వాత ఎవరూ పేర్లు మార్చకూడదు, కథ మార్చకూడదు.

ఫ్యాక్షన్ పట్టు ఉన్న ఊళ్లలో జరిగేది మరో రకం. మనిషి పడిపోగానే స్టేషనుకు పోయేవాడు ముందు పార్టీ నాయకుడి కోసం చూస్తాడు. ఆయన ఆదోనిలోనో, కర్నూలులోనో ఉంటారు. ఆయన వచ్చేదాకా రిపోర్టు రాయరు. వచ్చాక "ఎవరెవరి పేర్లు రాద్దాం?" అన్న చర్చ మొదలవుతుంది. నిజంగా కొడవలి పట్టిన ఇద్దరి పేర్లు మొదట వస్తాయి. తర్వాత వాళ్ల అన్నదమ్ములు, ఆ తర్వాత ఎదుటి పార్టీకి డబ్బు పెట్టేవాడు, చివరికి ఆ రోజు ఊళ్లోనే లేని వాడు కూడా జాబితాలో చేరతాడు. ఇద్దరి కేసు పన్నెండుమంది కేసవుతుంది.

1972లో తులియా కాళి కేసులో సుప్రీంకోర్టు ఈ ఆలస్యం గురించే చెప్పింది. తమిళనాడులో ఒక స్త్రీ హత్య జరిగిన ఇరవై గంటలకు పైగా గడిచాక గాని పోలీసులకు రిపోర్టు అందలేదు. స్టేషను చూస్తే దూరం కాదు. ఆలస్యమైన రిపోర్టులో సహజత్వం పోతుందని, ఆలోచించి అల్లిన కథ చోటు చేసుకునే ప్రమాదం ఉందని చెప్పి, కింది కోర్టులు శిక్షించిన ముద్దాయిని సుప్రీంకోర్టు విడుదల చేసింది.

మన రాష్ట్రానికే చెందిన పునాటి రాములు కేసు 1993లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. హత్య సమాచారం అందుకున్న పోలీసు అధికారి దాన్ని రిపోర్టుగా నమోదు చేయకుండా ఊరికి వెళ్లారు. అక్కడ సంప్రదింపులు జరిగాక రిపోర్టు తయారైందని కోర్టు అభిప్రాయపడింది. హైకోర్టు ఇచ్చిన విడుదల తీర్పు నిలిచింది.

ఆలస్యమైన ప్రతి కేసూ పోతుందని కాదు. గాయపడిన వాడిని ముందు ఆసుపత్రికి తీసుకుపోయారు, రాత్రివేళ బండి దొరకలేదు, దారిలో ఎదుటివాళ్లు కాపు కాశారు. ఇలాంటి నిజమైన కారణం ఉంటే కోర్టు వింటుంది. ఆ కారణాన్ని రిపోర్టులోనే రాయించాలి. హద్దు మాది కాదని ఏ స్టేషనూ రిపోర్టు కాదనకూడదు. జీరో ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేసుకుని సంబంధిత స్టేషనుకు పంపాలి. రిపోర్టు ఇచ్చినవారికి దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలి.

చుట్టం సాక్ష్యం చెల్లదా?

"చనిపోయినవాడి అన్న చెబితే కోర్టు నమ్మదు, అందుకే బయటి సాక్షులను పెట్టాం" అని కొందరు చెబుతుంటారు. ఇది అపోహ. చూడని వాడిని సాక్షిగా నిలబెట్టడానికి ఈ అపోహే మొదటి మెట్టు.

1953లోనే దలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. దగ్గరి చుట్టం అసలు హంతకుడిని వదిలిపెట్టి ఊరికే ఇంకొకరి మీద చెప్పడానికి సాధారణంగా ఒప్పుకోడు. కనుక చుట్టరికం ఒక్కటే సాక్ష్యానికి లోపం కాదు. అయితే కక్షలు రగిలినప్పుడు దోషితో పాటు తనకు పగ ఉన్న నిర్దోషిని కూడా ఇరికించే గుణం మనిషికి ఉంటుందని కూడా కోర్టు గుర్తుచేసింది. ఇరవై మైళ్ల లోపల ఉన్న ఏ ఊరి వాడినడిగినా ఈ మాట నిజమేనంటాడు.

పార్టీలు ఉన్న ఊరి సంగతి 1964లో మసాల్టీ కేసులో వచ్చింది. ఊరు రెండుగా చీలినచోట ఏ పార్టీకీ చెందని సాక్షి దొరకడం కష్టం. పార్టీ మనిషి అన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని తోసేస్తే న్యాయమే జరగదని కోర్టు అన్నది. మరి నిర్దోషులను కాపాడేది ఎట్లా? గుంపు దాడి కేసుల్లో ఒక్కరో ఇద్దరో చెప్పినంత మాత్రాన కాక, పలువురు సాక్షులు ఒకే తీరుగా చెప్పిన ముద్దాయినే దోషిగా తేల్చే పద్ధతిని కోర్టు ఆమోదించింది. పన్నెండు పేర్లు రాయించిన ఊరివాళ్లు ఆలోచించవలసింది ఇక్కడే. ఆ పదిమంది మీద సాక్షుల మాటలు తలా ఒక తీరుగా ఉంటే, ఆ అనుమానం అసలు ఇద్దరి మీదికీ పాకుతుంది.

మూడు రకాల పత్తి

ఎంతమంది సాక్షులుండాలి? ఇంతమంది అని చట్టంలో లెక్క లేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఈ సంగతి 134వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే 139వ సెక్షన్. నమ్మదగిన సాక్షి ఒక్కడున్నా శిక్ష వేయవచ్చు.

1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా చూసింది. పూర్తిగా నమ్మదగిన వాడు, ఏమాత్రం నమ్మరాని వాడు, ఈ రెండింటి నడుమ ఉండేవాడు. మొదటి వాడు ఒక్కడు చాలు. రెండోవాళ్లు వందమంది వచ్చినా సున్నా. మూడో రకం వాడి మాటకు వేరే ఆధారం తోడు కావాలి.

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలే రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. శుభ్రమైన పత్తి కుప్పకు వేలం పలుకుతుంది. ఆకు, చెత్త కలిసినదాన్ని కొనేవాడు చేతిలోకి తీసుకుని, విడదీసి చూసి, తగ్గించి అడుగుతాడు. బరువుకని నీళ్లు చల్లిన పత్తి అయితే మంచిదేదో చెడ్డదేదో విడదీసే దారి ఉండదు. కుప్ప మొత్తం పక్కన పెడతాడు. కోర్టు చేసేదీ ఇంతే. ఒక్క అబద్ధం దొరికిందని సాక్ష్యమంతా కొట్టేయాలన్న నియమం మన దేశంలో లేదు. పొట్టు చెరిగి గింజ ఏరుకోవాలి. నిజమూ అబద్ధమూ విడదీయలేనంతగా కలిసిపోయినప్పుడు మాత్రం అంతా వదిలేయక తప్పదు.

బోనులో ఏం జరుగుతుంది

దర్యాప్తులో పోలీసులు సాక్షి మాటలు రాసుకుంటారు. ఆ కాగితం మీద సాక్షి సంతకం పెట్టనక్కరలేదు. అది సాక్ష్యం కూడా కాదు. కాని సాక్షి కోర్టులో చెప్పింది దానికి విరుద్ధంగా ఉంటే డిఫెన్సు ప్లీడరు దాన్ని బయటికి తీస్తాడు. "వెన్నెల్లో గొడ్డలి పట్టుకున్న వాడిని గుర్తుపట్టానని ఇప్పుడు చెబుతున్నావు. పోలీసులకు ఈ మాట చెప్పావా?" అని అడుగుతాడు. చెప్పానంటాడు సాక్షి. తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు అదే ప్రశ్న. "నాతో చెప్పలేదు" అన్న జవాబు వస్తే సాక్షి మాట అక్కడే పడిపోతుంది.

చిన్న తేడాలకు కోర్టు పట్టింపు ఉండదు. చొక్కా రంగు మరిచిపోవడం, గంట అటూ ఇటూ చెప్పడం మనిషన్నవాడికి సహజం. పదిమంది అచ్చు గుద్దినట్లు ఒకే మాట చెబితేనే, ఎవరో నేర్పించారన్న అనుమానం వస్తుంది. కేసును చంపేది అసలు విషయంలో తేడా. ఆరుగురు ఆరు కొడవళ్లతో నరికారని సాక్షి చెబుతాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఒంటి మీద రెండే గాయాలున్నాయంటారు. ఆ రెండూ కర్రదెబ్బలంటారు. జడ్జి ఎవరిని నమ్మాలి?

చీకటిలో గుర్తుపట్టడం మరో చిక్కు. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం చూసినవాళ్లకు ఇది తెలుసు. దివిటీల వెలుగులో వేలమంది, గాలిలో లేచే కర్రలు, తలలు పగిలినవాళ్లు. ఫలానా కర్ర ఫలానా వాడిదని అంత గుంపులో ఎవరు చెప్పగలరు? హత్య కేసులో సాక్షి అలాంటి వెలుతురులోనే పన్నెండుమందిని, ఎవరి చేతిలో ఏ ఆయుధముందో సహా గుర్తుపట్టానంటే, వెలుతురు ఎక్కడి నుంచి వచ్చింది, నువ్వెంత దూరంలో ఉన్నావు, వాళ్లు నీకు ముందే తెలుసా అని కోర్టు తప్పక అడుగుతుంది. "ఇద్దరినే గుర్తుపట్టాను, మిగతావాళ్లు తెలియలేదు" అన్న సాక్షికే బలం ఎక్కువ.

కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. కౌతాళం, హొళగుంద, కోసిగి వైపు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు చాలామంది. కోర్టులో ప్రశ్న ఒక భాషలో, జవాబు ఒక భాషలో, రికార్డు ఇంకో భాషలో అయ్యే సందర్భాలుంటాయి. రాసుకున్న సాక్ష్యాన్ని సాక్షికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని చట్టంలోనే ఉంది. తప్పు పడితే అప్పుడే చెప్పవచ్చు. భయపడి తల ఊపి దిగిపోతే ఆ తప్పు రికార్డులో ఉండిపోతుంది.

చుండూరు పాఠం

ఆంధ్రదేశంలో ఇలాంటి కేసుల్లో అందరికీ తెలిసినది చుండూరు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. హత్యలు ఎప్పుడు, ఎక్కడ జరిగాయి, ఎవరు చేశారు అన్నవి ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని, సాక్షుల మాటల్లో పొంతన లేదని హైకోర్టు అన్నది. దాని మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

ఆ తీర్పు తప్పని బాధితులు, దళిత సంఘాలు గట్టిగా చెప్పాయి. ప్రాణభయంతో పొలాల వెంట పరుగెత్తిన మనిషి గడియారం చూసుకుంటాడా అన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ కేసు రెండు పాఠాలు చెబుతుంది. సాక్షి నిజం చెప్పినా, దర్యాప్తు ఆ నిజాన్ని వేళకు, వివరంగా, రుజువులతో కట్టిపెట్టకపోతే అది నిలవదు. రెండోది, చూసిన నాటికీ చెప్పే నాటికీ మధ్య ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకం పలచబడుతుంది. చుండూరులో మొదటి తీర్పుకే పదహారేళ్లు పట్టింది. మన దగ్గర 2008 నాటి కప్పట్రాళ్ల హత్యల కేసులో ఆదోని కోర్టు 21 మందికి యావజ్జీవం విధించింది 2014 డిసెంబరులో. ఆరేళ్లకు పైగా పట్టింది.

అమాయకుడికి పడితే

సాక్ష్యాన్ని అంత గట్టిగా వడపోయడం ఎందుకని అడిగేవాళ్లకు విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టలు కేసు జవాబు చెబుతుంది. 2007 డిసెంబరులో అక్కడ ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద యువకుడిని పట్టుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు అతడికి శిక్ష వేసింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులే అతడు హంతకుడు కాదని చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి జైల్లో ఎనిమిదేళ్లు దాటిపోయాయి. ఊళ్లో పగ తీర్చుకోవడానికి పదకొండో పేరు, పన్నెండో పేరు రాయించేటప్పుడు ఈ ఎనిమిదేళ్లను ఒకసారి తలుచుకోవాలి. ఆ పేరున్న వాడికీ పెళ్లాం పిల్లలు, సేద్యం, అప్పు ఉంటాయి.

ఎదురు తిరిగే సాక్షి

ఇక చూసినవాడే చూడలేదనడం. ఇందుకు మన పడమటి మండలాల్లో కారణాలు మూడు.

మొదటిది రాజీ. హత్య కేసు చట్టప్రకారం రాజీకి వీలుకానిది. కనుక పెద్దమనుషుల ఒప్పందం సాక్షుల నోటి మీదుగా జరుగుతుంది. "నాకేమీ తెలియదు, పోలీసులే రాసుకున్నారు" అని బోనులో చెప్పిస్తారు. రెండోది భయం. తీర్పు తర్వాత కూడా ఆ వీధిలోనే బతకాలి. మూడోది కూలి. దసరా, దీపావళి దాటాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి, మిరప కోతలకు జనం గుంటూరు వైపు సుగ్గికి పోతారు. సమన్లు తెచ్చిన కానిస్టేబులుకు ఇంట్లో ముసలమ్మ తప్ప ఎవరూ కనపడరు. కూలి పోగొట్టుకుని ఆదోనికి వస్తే వాయిదా పడుతుంది. రెండుసార్లు అట్లా జరిగాక మూడోసారి ఎవరొస్తారు?

వీటికి చట్టంలో కొంత మందు ఉంది. సాక్షికి రానుపోను ఖర్చు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. అడగాలి. సాక్షి విచారణ మొదలయ్యాక రోజువారీగా సాగాలని, వాయిదా ఇస్తే కారణం రాయాలని కూడా ఉంది.

భయం ఉన్నవారికి 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఎస్పీ, ప్రాసిక్యూషన్ అధికారి సభ్యులుగా ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ముప్పు ఎంత ఉందో ఆ సబ్‌డివిజన్ డీఎస్పీ అయిదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. రక్షణ, ఇంటి వద్ద నిఘా, అవసరమైతే వేరే చోట ఉంచడం దాకా ఏర్పాట్లున్నాయి. పెట్టుకోవడం తెలియని వాళ్లు ఆదోని న్యాయసేవా కమిటీలో అడగవచ్చు.

రాజీ సాక్ష్యానికీ కొత్త చట్టంలో అడ్డుకట్ట ఉంది. పదేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరాల్లో పోలీసులు తీసుకువచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేసి తీరాలి. ప్రమాణం చేసి మేజిస్ట్రేటు ముందు ఒకటి చెప్పి, తర్వాత సెషన్స్ కోర్టులో ఇంకొకటి చెబితే తప్పించుకోవడం కష్టం. అబద్ధపు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఉరిశిక్ష పడే నేరంలో ఇరికించడానికి అబద్ధం చెబితే యావజ్జీవం దాకా పోవచ్చు. ఇలాంటి కేసులు పెట్టడం అరుదు కాబట్టే ధైర్యం పెరిగింది. అరుదైనంత మాత్రాన చట్టం లేనట్లు కాదు.

విడుదల తీర్పు వచ్చినా బాధిత కుటుంబానికి దారి మూసుకుపోదు. 2009 చివరి నుంచి బాధితులే నేరుగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. కాని అప్పీలు కోర్టు చూసేదీ అదే రికార్డును. మొదటి రోజు రిపోర్టులో చల్లిన నీళ్లు అక్కడా ఆరవు.

ఊళ్లో ఏం చేయాలి

నాయకుడి కోసం చూడకుండా ముందు స్టేషనుకు పోవాలి. చూసినంతే చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. గుర్తుపట్టిన వాళ్ల పేర్లే రాయించాలి. రాసింది చదివించుకుని వినాలి. ప్రతి తీసుకుని ఇంట్లో దాచుకోవాలి. గాయపడిన వాడికి స్పృహ ఉంటే ఎవరు కొట్టారన్నది డాక్టరుకు అతడినే చెప్పుకోనివ్వాలి, పక్కన నిలబడి పేర్లు అందించకూడదు. చూడని వాడిని సాక్షిగా ఒప్పించకూడదు. ఒప్పుకోమని పెద్దమనిషి అడిగినా "నేను చూడలేదన్నా" అని చెప్పే హక్కు ప్రతి కూలివాడికీ ఉంది.

ఇద్దరు చూసిన హత్యకు ఇద్దరు సాక్షులు చాలు. మిగతా ఎనిమిదిమంది బలం అనుకుని తెచ్చినవాళ్లు. కోర్టులో ఆ ఇద్దరి నిజాన్ని కూడా ముంచేది ఆ ఎనిమిదిమందే.